ముందు రేపల్లె

రక్తనిధి ట్రస్టులో కొత్త వస్తువు ఏది కొన్నా ముందు తెనాలికే వచ్చేది. తెనాలి పెద్దాఫీసు మరి. అక్కడికి కొత్త కుర్చీలు వస్తే పాత కుర్చీలు బాపట్లకు వెళ్ళేవి, బాపట్లలో ఉన్నవి రేపల్లె చేరేవి. ఫ్యాన్లూ అంతే, ఫ్రిజ్‌లూ అంతే, కంప్యూటర్లూ అంతే. ఈ వరస ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. పంక్తిలో పెద్దల విస్తళ్ళు నిండాక మిగతావాళ్ళ దగ్గరికి గిన్నె వస్తుంది కదా, అంత సహజంగా సాగిపోతూ ఉండేది.

ఆ మూడు ఊళ్ళ కంప్యూటర్ల మంచిచెడ్డలూ చూసే మనిషి మైథిలి ఒక్కతే. ఆవిడకు నలభై దాటాయి. తెనాలిలో ఇల్లు, వారంలో సగం రోజులు రైల్లో. రేపల్లె ప్యాసింజర్ జంపనిలో ఎంతసేపు ఆగుతుందో, బాపట్ల వెళ్ళే బండిలో ఏ పెట్టెలో ఫ్యాను తిరగదో ఆవిడకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదంతా సరదాగానే ఉండేది. ఈ మధ్య మాత్రం బండి దిగేసరికే ప్రాణం ఉసూరుమంటోంది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. మూడు ఊళ్ళలోనూ రక్తం నిల్వ ఉంచే గదులున్నాయి. ఏ ప్యాకెట్ ఎక్కడుందో అంతా తెనాలి కంప్యూటర్లో రాసి ఉంటుంది. బాపట్లలో ఒక ప్యాకెట్ ఎవరికైనా ఇస్తే అక్కడి కోటేశ్వరరావు ఆ సంగతి టెలిఫోన్ లైను మీద తెనాలి కంప్యూటర్లోనే నమోదు చేస్తాడు. తెనాలి రాసుకున్న ప్రతి ముక్కనూ బాపట్ల, రేపల్లె కంప్యూటర్లు వెంటనే నకలు తీసుకుంటాయి. కాబట్టి ఎక్కడ కూర్చుని చూసినా మూడు ఊళ్ళ రక్తమూ తెర మీద కనబడుతుంది.

ఆ తెరను రేపల్లె మనుషులు నమ్మేలా చెయ్యడానికి మైథిలికి ఏళ్ళు పట్టింది. గంగరత్నం సంగతే చూడండి. రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుంది. ఒంట్లో రక్తం తయారు కాని జబ్బు, నెల తిరిగేసరికి ఎక్కించుకోవాలి. పైగా అరుదుగా దొరికే బి నెగెటివ్. అంతకుముందు అయితే ఆయాసపడుతూ బాపట్ల వెళ్ళేది, అక్కడ లేదంటే తెనాలి వెళ్ళేది, అక్కడా లేదంటే ఏ గుంటూరు దారో పట్టేది. తెర వచ్చాక రేపల్లె గదిలో పనిచేసే లక్ష్మీతిరుపతమ్మ చూసి, "బాపట్లలో ఉంది పిన్నీ, తిన్నగా అక్కడికెళ్ళు" అని చెబుతుంది. గంగరత్నం మారుమాట లేకుండా బస్సెక్కుతుంది. మైథిలి ఒకసారి అది కళ్ళారా చూసింది. అక్షరం ముక్క రాని మనిషి, నిలబడ్డానికి ఓపిక లేని మనిషి, తను అమర్చిన తెర మీది మాట పట్టుకుని ఊరు దాటి వెళుతోంది. ఈ చాకిరీకి అర్థమంటూ ఉంటే ఇదే అనుకుంది మైథిలి. ఆ నమ్మకం ఒక్కటే ఆవిడ సంపాదన. జీతం గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

రెండువేల తొమ్మిది వేసవిలో తెనాలికి కొత్త యంత్రం వచ్చింది. ఒకరిచ్చిన రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తుంది. ఒక ప్యాకెట్ మూడవుతుంది. ఆ లెక్క రాయడానికి కొత్త ప్రోగ్రాం కావాలి, ఆ ప్రోగ్రాం నడవాలంటే దాని అడుగున లెక్కలన్నీ దాచిపెట్టే డేటాబేస్ నాలుగో వెర్షన్ నుంచి ఐదుకు మారాలి. ఐదులో మళ్ళీ రెండున్నాయి. ఐదు సున్నా వచ్చి చాలాకాలమైంది, దానిలోని తప్పులకు ఎవరో ఒకరు ఏడ్చి, ఎవరో ఒకరు వాటిని దిద్ది, ఇప్పుడు కుదురుగా నడుస్తోంది. ఐదు ఒకటి కొత్తగా వచ్చింది, అందరి నోళ్ళలోనూ అదే.

ట్రస్టు కార్యదర్శి కామేశ్వరరావు గారు కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన మనిషి. మంచివారే. చెడ్డవారైతే మైథిలికి ఇంత అలసట ఉండేది కాదు, పోట్లాడి తేల్చుకునేది. ఆయన తమ్ముడి కొడుకు అభినవ్ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఐదు ఒకటి ఉన్న సీడీ అతనే పంపించాడు.

"ఇదిగోనమ్మా, అన్నిటికన్నా కొత్తదట. ఆదివారం మంచిరోజు, తెనాలిలో మొదలుపెట్టేద్దాం. దాతలందర్నీ పిలుస్తున్నాను" అన్నారాయన.

"ఇది రేపల్లె కంప్యూటర్లో అసలు లేవదండి మాస్టారూ. అది మనం వాడి వాడి బాపట్లకిస్తే, వాళ్ళు వాడి వాడి ఇచ్చింది. దాని మీద ఐదు సున్నా అయితే నడుస్తుంది. నేను వేసి చూశాను."

"రేపల్లె కోసం మనందరం వెనకబడతామా?"

"మూడూ ఒకదాని మాట ఒకటి వినాలి కదండి. వాటిలో బలహీనమైనదానికి ఏది సరిపడితే అదే అందరికీ పెట్టాలి."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "సరే, ఐదు సున్నాయే పెట్టు" అన్నారు. మైథిలి ఊపిరి పీల్చుకుంది. కానీ అసలు గొడవ అది కాదు, తరువాతిది.

"ఇంకోటండి. ముందు రేపల్లెలో మార్చాలి. తరవాత బాపట్ల. తెనాలి చివర్న."

"అదేంటమ్మా? పెద్దాఫీసు చివరా?"

"తెనాలి రాస్తుంది, వాళ్ళు చదువుతారు. రాసేవాడు కొత్త రాత మొదలుపెట్టేలోపు చదివేవాళ్ళకి ఆ రాత వచ్చుండాలి కదండి."

"అభినవ్ చెప్పాడే, కొత్తది పాతదాన్ని చదువుతుందని."

"కొత్తది పాతదాన్ని చదువుతుందండి. పాతది కొత్తదాన్ని చదవలేదు. ఓ నెగెటివ్ రక్తం ఎవరికైనా ఎక్కిస్తాం. ఓ నెగెటివ్ వాళ్ళకి మాత్రం ఇంకెవరిదీ ఎక్కించలేం. అటు సరిపోయిందని ఇటు సరిపోదు. ఇదీ అంతే."

ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం తనకు రాదని మైథిలికి అనిపించింది. ఆయన మాత్రం, "రక్తానికీ కంప్యూటర్‌కీ ముడి పెట్టకమ్మా. రేపు సభలో దాతలకి ఏం చెప్పమంటావ్? రేపల్లెలో అయిపోయింది, మనకింకా కాలేదని చెప్పనా? వెర్షన్ నీ మాటే విన్నాను. ఈ ఒక్కటీ నా మాట ఉండనీ. ఆదివారం తెనాలి, బుధవారం బాపట్ల, శుక్రవారం రేపల్లె. మధ్యలో మంగళవారం ఎలాగూ వద్దు" అన్నారు.

సగం గెలిచిన మనిషి అలసట చాలా చెడ్డది. మిగతా సగం కోసం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక ఉండదు. "అయితే శుక్రవారం దాకా తెర నమ్మొద్దని రేపల్లె వాళ్ళకి చెబుతానండి" అని మాత్రం అంది.

"శుభమా అని మొదలుపెడుతూ నమ్మొద్దు అనే మాట ఎందుకమ్మా? ఆ మాట అనకు."

మైథిలి అనలేదు. నకలు ఆగిపోతే తెర మూలన ఎర్ర గుర్తు వచ్చేలా ఎప్పుడో తనే రాసిపెట్టింది. పచ్చగా ఉంటే అంతా సవ్యం, ఎర్రబడితే తెర నమ్మకూడదు. లక్ష్మీతిరుపతమ్మకు ఆ సంగతి తెలుసు. ఎర్రబడగానే తనే జాగ్రత్తపడుతుందిలే అని మైథిలి మనసుకు సర్దిచెప్పుకుంది.

ఆదివారం తెనాలి ఆఫీసులో కంప్యూటర్‌కు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కామేశ్వరరావు గారు కొబ్బరికాయ కొట్టారు. ఒక చెక్క పెద్దది, ఒకటి చిన్నదీ అయితే ఎవరో ఏదో అనబోయి ఊరుకున్నారు. మైథిలి ఒక మీట నొక్కింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఐదు సున్నా బుద్ధిగా లేచి నిలబడింది. అభినవ్ ఫోన్ చేసి అభినందనలు కూడా చెప్పాడు. మైథిలి ఇంటికొచ్చి అన్నం తినకుండానే పడుకుంది.

బుధవారం ఉదయం బాపట్ల వెళ్ళింది. కోటేశ్వరరావు కాఫీ తెప్పించి, కంప్యూటర్ ముందు కుర్చీ జరిపాడు. తెర మూలన గుర్తు పచ్చగా ఉంది. హమ్మయ్య అనుకుంది. పని మొదలుపెట్టే ముందు అలవాటుగా ఆఖరున వచ్చిన నమోదు ఏదో చూసింది. ఆదివారం ఉదయానిది.

మళ్ళీ చూసింది. అదే. సోమవారం లేదు, మంగళవారం లేదు.

"మొన్న ప్యాకెట్లేమీ ఇవ్వలేదా అన్నయ్యగారూ?"

"ఎందుకివ్వలేదండి, సోమవారం మూడిచ్చాను. తెనాలిలో నమోదు చేశానుగా."

"మరి మీ తెరలో అవి ఇంకా ఉన్నట్టే ఉందే?"

"నేను తెర చూడనండి, నా ఫ్రిజ్ నా ఎదురుగానే ఉందిగా" అన్నాడు కోటేశ్వరరావు.

అప్పుడర్థమైంది మైథిలికి. తను రాసిన గుర్తు లైను తెగిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. లైను తెగలేదు. తెనాలి రాసిన ప్రతి ముక్కా వస్తూనే ఉంది. వచ్చినదాన్ని ఈ పాతది చదవలేక, చదవలేకపోతున్నానని చెప్పనూ చెప్పక, ఆదివారం దగ్గరే ఆగిపోయి కూర్చుంది. తలుపు కింద ఉత్తరాలు పడుతూనే ఉన్నాయి, విప్పేవాళ్ళే లేరు. బాపట్ల ఇలా ఉంటే రేపల్లె కూడా ఇలాగే ఉంటుంది. అక్కడా పచ్చగానే ఉండి ఉంటుంది.

రేపల్లెకు ఫోన్ చేద్దామని లేచేసరికి గుమ్మంలో గంగరత్నం నిలబడి ఉంది.

ఒక చేత్తో గుమ్మం పట్టుకుంది. పెదవులు పాలిపోయాయి. చెరుకుపల్లి మీదుగా బస్సులో నిలబడి వచ్చిందట, ఎవరూ సీటివ్వలేదట. కోటేశ్వరరావు బల్ల చూపించి కూర్చోబెట్టాడు.

"తిరుపతమ్మ చెప్పిందయ్యా, ఇక్కడ నా రక్తం ఉందని" అంది.

కోటేశ్వరరావు మైథిలి వంక చూశాడు. "బి నెగెటివ్ సోమవారమే వెళ్ళిపోయిందమ్మా. ఒక బాలింతకిచ్చాం" అన్నాడు.

"తెరలో ఉందన్నారే."

గంగరత్నం కోప్పడలేదు. కోప్పడడానికి కూడా ఒంట్లో కాస్త రక్తం ఉండాలి కదా. గోడకు తల ఆనించి, "మరి నేనిప్పుడేం చెయ్యాలయ్యా" అంది.

మైథిలి ఫోన్ దగ్గరికి వెళ్ళి తెనాలికి చేసింది. ఫ్రిజ్ తెరిచి చూసి చెప్పమంది. ఒకటుంది, పక్కన పెడతామన్నారు. అక్కడినుంచే రేపల్లెకూ చేసింది. లక్ష్మీతిరుపతమ్మ గొంతు వినగానే, "తెర నమ్మొద్దు. నేనొచ్చి చెప్పేదాకా ఎవర్నీ ఎక్కడికీ పంపొద్దు" అంది.

"పచ్చగానే ఉందండి" అంది లక్ష్మీతిరుపతమ్మ. "పచ్చగా ఉందిగా అనే నేను వేరే ఏమీ కనుక్కోలేదండి. ఏంటండి, పిన్నికి దొరకలేదా?"

"తెనాలి తీసుకెళుతున్నాను" అని మైథిలి పెట్టేసింది.

బాపట్ల పని అలాగే వదిలేసి గంగరత్నాన్ని రిక్షాలో స్టేషనుకు తీసుకెళ్ళింది. ప్యాసింజర్లో ఎదురు బల్ల మీద పడుకోబెట్టి, తన సంచీ తలకింద పెట్టింది. బండి నిడుబ్రోలు దాటింది. వేడిగాలి కిటికీలోంచి ముఖానికి కొడుతోంది.

"నువ్వెవరమ్మా, నర్సువా?" అంది గంగరత్నం కళ్ళు తెరిచి.

"కాదమ్మా. ఆ తెర నాదే. నేనే పెట్టాను."

గంగరత్నం మోచేతి మీద కాస్త లేచింది. "అది అబద్ధం చెబుతుందని నాకు తెలీదమ్మా" అంది. నిష్ఠూరంగా అనలేదు. కొత్తగా తెలిసిన సంగతిని చెప్పుకున్నట్టు అంది. నాలుగు తిట్లు తిట్టినా మైథిలికి అంత బాధ కలిగేది కాదు.

సాయంత్రానికి తెనాలి నర్సింగ్ హోములో రక్తం ఎక్కడం మొదలైంది. సీసా స్టాండు పక్కన మైథిలి నిలబడి ఉండగా కామేశ్వరరావు గారు వచ్చారు. కోటేశ్వరరావు ఫోన్ చేసి చెప్పాడట. ఆయన మంచం మీది మనిషిని చూశారు.

"రేపు నేను రేపల్లె వెళుతున్నానండి" అంది మైథిలి. అడగలేదు, చెప్పింది. "శుక్రవారం దాకా ఆగను. అక్కడి కంప్యూటర్లో మెమరీ అంతంతమాత్రం, నా బల్ల మీదున్న కంప్యూటర్లోది తీసి దానికి వేస్తాను. అది కుదురుకున్నాక బాపట్ల."

"రేపు పొద్దున వర్జ్యం ఉన్నట్టుంది" అన్నారాయన అలవాటుగా. అని, తన మాట తనకే నచ్చనట్టు తల దించుకున్నారు. "నువ్వు ముందే చెప్పావమ్మా. నేనే వినలేదు."

"గట్టిగా చెప్పలేదండి నేను. అలిసిపోయాను."

"నేనూ వస్తాను రేపు" అన్నారాయన.

వచ్చారు కూడా. డెబ్బై ఏళ్ళ మనిషి రేపల్లె ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, భట్టిప్రోలులో టీ తాగి, రేపల్లె గదిలో అడుగుపెట్టి తెల్లబోయారు. తెనాలి నుంచి వరసగా దిగి వచ్చిన కుర్చీలూ, ఫ్యాన్లూ, ఫ్రిజ్ అన్నీ అక్కడున్నాయి. చెయ్యి విరిగిన కుర్చీని గుర్తుపట్టి, "ఇది నా గదిలోది కదూ" అన్నారు. లక్ష్మీతిరుపతమ్మ ఆయనకు ఇంకో కుర్చీ వెయ్యబోయింది. వద్దని ఆ విరిగినదాంట్లోనే కూర్చున్నారు. మైథిలి పని చేసుకుపోయింది. మధ్యాహ్నానికి రేపల్లె ఐదు సున్నాలోకి మారింది. ఆగిపోయిన నమోదులన్నీ గబగబా చదివేసుకుని ఆ రోజు దాకా వచ్చేసింది. మర్నాడు బాపట్ల కూడా అయింది. కొబ్బరికాయ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చిన నమోదును కంప్యూటర్ నిజంగా చదువుకుందో లేదో చూసుకుని, చదవకపోతే ఎర్రబడేలా ఆ గుర్తును కూడా మైథిలి మళ్ళీ రాసింది.

ఆ నెలంతా మూడు ఊళ్ళూ ఒక్క మాట మీదే ఉన్నాయి. మైథిలి రోజూ మూడింటినీ పోల్చి చూసుకుంది. ఒక్క ప్యాకెట్ కూడా తేడా రాలేదు. ఇన్నేళ్ళలో ఇంత సవ్యంగా ఎప్పుడూ నడవలేదు. అయినా సంతోషమనేది రాలేదు, ఒంట్లోంచి అలసటా పోలేదు.

నెల తిరిగాక మైథిలి రేపల్లెలో ఉన్న రోజే గంగరత్నం వచ్చింది. మైథిలిని గుర్తుపట్టి నవ్వింది. లక్ష్మీతిరుపతమ్మ తెర చూసింది. బాపట్లలో బి నెగెటివ్ రెండున్నాయి. ఆ రెండూ అక్కడ నిజంగానే ఉన్నాయని మైథిలికి తెలుసు, పొద్దున్నే సరిచూసుకుంది. లక్ష్మీతిరుపతమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసి, మైథిలి వైపు చూడకుండా ఫోన్ అందుకుంది.

"ఏమీ అనుకోకండి మేడమ్" అంది నంబరు నొక్కుతూ. "అప్పటినుంచీ ఎవర్ని పంపాలన్నా ముందు కనుక్కుంటున్నానండి. చెయ్యి ఆగట్లేదు."

అవతల కోటేశ్వరరావు ఎత్తాడు. అతని మాటలు గదిలోకి వినబడుతున్నాయి. "రెండున్నాయమ్మా. మీ తెరలో కూడా ఉన్నాయిగా?"

"ఉన్నాయంట పిన్నీ" అంది లక్ష్మీతిరుపతమ్మ.

గంగరత్నం కదల్లేదు. బస్సుకు తెచ్చుకున్న చిల్లర గుప్పిట్లో పట్టుకుని, "చేత్తో పట్టుకుని చెప్పమనమ్మా" అంది.

లక్ష్మీతిరుపతమ్మ ఇబ్బందిగా ఆగిపోయింది. మైథిలి లేచి వచ్చి ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అన్నయ్యగారూ, నేనే. ఒకసారి ఫ్రిజ్ తెరిచి, ప్యాకెట్ చేత్తో పట్టుకుని చెప్పండి."

"మీరు కూడా ఏంటండి" అన్నాడు కోటేశ్వరరావు. తరువాత కుర్చీ జరిగిన చప్పుడూ, అవతల ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడూ వినిపించాయి. మైథిలి రిసీవర్ గంగరత్నం చెవి దగ్గర పెట్టి, ఆ మాట ఆవిడే వినేదాకా పట్టుకుని నిలబడింది.